ముగింపు తెలియని పని

హెల్ప్‌లైన్‌లో కూర్చునేవాళ్ళకు మొదటి నెలలోనే ఒక కష్టం ఎదురవుతుంది. శిక్షణలో ముందే చెబుతారు గానీ, మీదపడితే తప్ప అది అర్థం కాదు. అవతలి మనిషి ముప్పావు గంట మాట్లాడతాడు. మొదట ఏడుపు తప్ప మాట రాదు. తర్వాత అప్పుల సంగతి, అన్న మాట్లాడడం మానేసిన సంగతి, కన్ను మూతపడని రాత్రుల సంగతి ఒక్కొక్కటే బయటికొస్తాయి. చివరికి గొంతు కాస్త తేరుకుంటుంది. "సరేనండి, ఉంటాను" అని పెట్టేస్తాడు. ఆ రాత్రి ఎలా గడిచిందో, అన్నకు ఫోన్ చేస్తానన్నవాడు చేశాడో లేదో మీకు ఎప్పటికీ తెలియకపోవచ్చు. పేరు చెప్పనక్కర్లేదని మనమే మాటిచ్చాం కనుక వెతికి కనుక్కునే దారీ లేదు. ఆ ఆలోచన పూర్తికాకముందే ఇంకో ఫోన్ మోగుతుంది.

మానసిక ఆరోగ్యం మీద పనిచేసే స్వచ్ఛంద సంస్థలో చేరాలనుకుంటున్నవాళ్ళ కోసం ఈ అధ్యాయం. ఎం.ఎస్.డబ్ల్యూ. పూర్తిచేసినవాళ్ళు, సైకాలజీలో ఎం.ఏ. చదివినవాళ్ళు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసుకుంటూ వారానికో పూట వాలంటీరుగా రావాలనుకునేవాళ్ళు, రిటైరైన టీచర్లు, వీళ్ళందరూ దాదాపు ఒకే మాటతో వస్తారు: "నలుగురికీ సాయపడాలనుంది." ఆ కోరిక లేనివాళ్ళు ఈ గడప తొక్కనక్కర్లేదు. అయితే సాయపడాలన్న కోరిక వెంట, సాయం ఫలించడం కళ్ళారా చూడాలన్న ఆశ కూడా వస్తుంది. ఈ పనిలో ఆ ఆశ తీరేది తక్కువ. నేను చూసినంతలో, ఇక్కడ పదేళ్ళు నిలబడ్డవాళ్ళకూ ఏడాది తిరక్కుండా వెళ్ళిపోయినవాళ్ళకూ జాలిగుండె విషయంలో తేడా ఏమీ లేదు. అవతలివాళ్ళ కథ ఎటు తిరిగిందో తెలియకుండానే ఆ రోజు పనిని ముగించి ఇంటికి వెళ్ళడం కొందరికి అలవడింది, కొందరికి అలవడలేదు. అది నేర్చుకుంటే వచ్చేదే. అయితే ఒంటరిగా నేర్చుకోవడం కుదరదు, సంస్థ తోడుండాలి.

వినడం ఎలాంటి పని

1953లో లండన్‌లో చాద్ వారా అనే చర్చి గురువు, చనిపోవాలన్న ఆలోచనల్లో ఉన్నవాళ్ళ కోసం ఒక టెలిఫోన్ పెట్టాడు. ఆయన్ను కలవడానికి నేరుగా వచ్చేవాళ్ళూ ఎక్కువయ్యారు. వాళ్ళు తమ వంతు కోసం కూర్చున్నంతసేపూ టీ ఇచ్చి, తోడుగా ఉండడానికి కొందరు మామూలు మనుషులు సాయంగా వచ్చేవారు. కొన్నాళ్ళకు ఆయన ఒకటి గమనించాడు. చాలామంది ఆ టీ ఇచ్చినవాళ్ళతోనే మనసులో మాట చెప్పుకుని, తన గదిలోకి రాకుండానే తేలికపడి వెళ్ళిపోతున్నారు. 1954లో ఆ పనంతా ఆ వాలంటీర్ల చేతికే అప్పగించాడు. సమారిటన్స్ సంస్థ అలా నిలదొక్కుకుంది. చెన్నైలో డాక్టర్ లక్ష్మీ విజయకుమార్ 1986లో ప్రారంభించిన స్నేహ, హైదరాబాద్‌లో 1997 నుంచి నడుస్తున్న రోష్ని కూడా వాలంటీర్ల ఓపిక మీద నడుస్తున్నవే.

డిగ్రీ లేనివాళ్ళు ఏం చేయగలరని అడిగేవాళ్ళకు గోవాలోని సంగాత్ సంస్థ చేసిన పని సమాధానం. అక్కడి ఆరోగ్య కేంద్రాల్లో, డాక్టర్లు కాని స్థానికులకు శిక్షణ ఇచ్చి, డిప్రెషన్, ఆందోళన ఉన్నవాళ్ళతో పనిచేయించారు. 2010లో లాన్సెట్ పత్రికలో వచ్చిన ఫలితాల ప్రకారం, ప్రభుత్వ కేంద్రాలకు వచ్చినవాళ్ళలో కోలుకున్నవాళ్ళు స్పష్టంగా పెరిగారు. మన దేశానికి ఇది చిన్న సంగతి కాదు. నిమ్‌హాన్స్ నడిపిన 2015–16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో, జబ్బును బట్టి నూటికి 70 నుంచి 92 మందికి వైద్యం అందడం లేదని తేలింది. లక్ష జనాభాకు ఒక్క సైకియాట్రిస్టు కూడా లేని దేశంలో ఆ ఖాళీని శిక్షణ పొందిన మామూలు మనుషులే కొంతైనా పూడ్చాలి.

శిక్షణలో అన్నిటికన్నా కష్టమైంది నోరు కట్టేసుకోవడం. మన ఇళ్ళల్లో కష్టం చెప్పుకున్న మనిషికి వెంటనే దొరికేది సలహా. "సర్దుకుపోవాలమ్మా." "నీకంటే కష్టాల్లో ఉన్నవాళ్ళు లేరా?" "పిల్లల మొహం చూసి ధైర్యం తెచ్చుకో." "ఆ దేవుడి మీద భారం వెయ్యి." ఇవన్నీ ప్రేమతోనే అంటారు. అయితే మన దగ్గరికి వచ్చిన మనిషి ఈ మాటలన్నీ ఇంట్లో, వీధిలో, పుట్టింట్లో విని విని, ఇక వినలేక వచ్చాడు. మనమూ అవే చెబితే తలుపు మూసేసినట్టే. "అలాగా, తర్వాత ఏమైంది?", "అప్పుడు మీకేమనిపించింది?", "ఇది ఇంకెవరికైనా చెప్పుకోగలిగారా?" లాంటి ప్రశ్నలు చాలు. వాళ్ళు ఆగితే మీరూ ఆగండి. ఫోన్‌లో పది సెకన్ల మౌనం చాలా పొడుగ్గా ఉంటుంది, కొత్తవాళ్ళు కంగారుపడి దాన్ని ఏదో ఒక మాటతో నింపేస్తారు. తరచుగా అసలు మాట ఆ మౌనం వెనకే ఉంటుంది.

కష్టం పేరు పెట్టుకుని ఎవరూ రారు. డిప్రెషన్ అన్న మాట నగరంలో చదువుకున్నవాళ్ళ నోట వినిపిస్తుంది గానీ, ఊళ్ళో తిరిగితే "ఒళ్ళంతా మంటలండీ", "గుండె దడదడలాడుతోంది", "తలలో ఏదో పాకినట్టుంది", "దేనిమీదా మనసు పోవట్లేదు" అంటారు. ఇవి విని ముందు శరీరానికి పరీక్షలు చేయించుకున్నారా అని అడగాలి, ఎందుకంటే థైరాయిడ్, రక్తహీనత లాంటివి కూడా ఇలాగే కనిపిస్తాయి. పరీక్షల్లో ఏమీ తేలలేదంటే, తేలకపోవడం వల్ల ఇంట్లోవాళ్ళు "నాటకం" అంటున్నారేమో కూడా అడగండి. చాలామందికి అంతకుముందు ఎవరూ అడగని ప్రశ్న అదే.

చావు గురించి అడగాల్సి వచ్చినప్పుడు తిన్నగా అడగాలి. "చనిపోవాలన్న ఆలోచన వస్తోందా?" అని, అంతే స్పష్టంగా. మనం అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమోనని కొత్తవాళ్ళు భయపడతారు. అలా జరగదని పరిశోధనలు చెబుతున్నాయి, ప్రపంచ ఆరోగ్య సంస్థా అదే చెబుతోంది. అడిగినప్పుడు చాలామందికి ఊపిరి తీసుకున్నట్టవుతుంది, ఎందుకంటే అన్నాళ్ళుగా ఆ మాట పైకి అనే చోటు వాళ్ళకు లేదు. అవునంటే ఎప్పటినుంచి, ఈ రోజు ఎంత గట్టిగా ఉంది, ఏమైనా ఏర్పాటు చేసుకున్నారా, పక్కన ఎవరున్నారు అన్నవి నింపాదిగా తెలుసుకోవాలి. ప్రాణానికి ముప్పు తెచ్చేవి చేతికి అందకుండా ఇంట్లో ఒకరికి అప్పగించమని చెప్పాలి. రాబోయే కొన్ని గంటలు ఎవరితో, ఎక్కడ గడుపుతారో వాళ్ళ నోటితోనే చెప్పించాలి. వెంటనే ప్రమాదం ఉంటే 112. మన లైన్ మూసే వేళకు తోడుగా 14416 నంబరు ఇవ్వాలి. అది 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన టెలి మానస్, తెలుగులోనూ పగలూ రాత్రీ పలుకుతుంది. ఇది చదువుతున్న మీకే ఆ ఆలోచనలు ఉంటే, ఈ పుస్తకం పక్కనపెట్టి ముందు ఆ నంబరుకు చేయండి.

పోలీసు కేసు భయం ఇప్పటికీ చాలామంది నోరు నొక్కేస్తోంది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్ ప్రకారం, ప్రాణం తీసుకోబోయిన మనిషిని తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నవాడిగానే భావించాలి, శిక్షించకూడదు. 2024 జులై 1న భారతీయ న్యాయ సంహిత వచ్చాక, ఆత్మహత్యాయత్నాన్ని నేరంగా చూసిన పాత శిక్షాస్మృతి 309వ సెక్షన్ కూడా పోయింది. ఈ రెండు సంగతులూ నాలుక చివర ఉంచుకోండి. ఆస్పత్రికి తీసుకెళ్ళడానికి జంకే కుటుంబానికి ఇది తెలియడం వల్ల విలువైన గంటలు మిగులుతాయి.

నాట్లేసే చేతులు

మా వైపు నాట్ల కాలంలో కూలీలు ఊళ్ళు మారుతూ ఉంటారు. నాటిన మడి పండిందా, వరద పాలైందా అన్నది చాలాసార్లు వాళ్ళకు తెలియదు. అయినా సాయంత్రం గట్టెక్కి చూస్తే మొక్క నిలిచిందా, వరస కుదిరిందా అన్నది తెలుస్తుంది. మన పనిని కూడా అలాగే చూసుకోవాలని నా నమ్మకం.

అందుకే షిఫ్టు చివర లాగ్‌బుక్ రాసేటప్పుడు "ఆ మనిషికి తగ్గిందా?" అని రాసుకోకండి. దానికి జవాబు మీ దగ్గర లేదు. "మాట్లాడనిచ్చానా? అడగాల్సింది అడిగానా? తర్వాత ఎటు వెళ్ళాలో చెప్పానా?" అని రాసుకోండి. వీటికి జవాబులు మీ చేతిలో ఉన్నాయి. మూడో ప్రశ్నకు ముందస్తు తయారీ కావాలి. మీ జిల్లా ఆస్పత్రిలో సైకియాట్రీ ఓపీ ఏ రోజుల్లో ఉంటుంది, ఏ గదిలో, మందులు అక్కడే ఇస్తారా, మద్యం మాన్పించే కేంద్రం దగ్గర్లో ఉందా, గృహహింస బాధితులకు సఖి కేంద్రం ఎక్కడ, ఇవన్నీ రాసిన నోట్‌బుక్ ప్రతి టేబుల్ మీదా ఉండాలి. "మంచి డాక్టర్ని కలవండి" అనడం రిఫరల్ అనిపించుకోదు. "మంగళవారం పొద్దున ఓపీ చీటీ తీసుకుని ఫలానా గదికి వెళ్ళండి" అంటేనే సగం మందైనా వెళ్తారు. ఈ నోట్‌బుక్‌ను ఆరునెలలకోసారి ఎవరో ఒకరు ఫోన్లు చేసి సరిచూడాలి. కొత్తగా చేరినవాళ్ళకు అప్పగించడానికి ఇంతకన్నా మంచి మొదటి పని లేదు.

ఇల్లు చేరాక

రోడ్ల మీద తిరిగే మానసిక రోగుల కోసం పనిచేసే సంస్థల్లో ముగింపు కళ్ళకు కనిపిస్తుందని అనుకుంటాం. చెన్నైలో 1993లో మొదలైన ది బన్యన్, డాక్టర్ భరత్ వాట్వానీ నడిపే శ్రద్ధా రిహాబిలిటేషన్ ఫౌండేషన్ ఈ దారిలో ముందు నడిచాయి. వాట్వానీకి 2018లో మెగసెసే పురస్కారం వచ్చింది. జుట్టు జడలు కట్టి, చిరిగిన బట్టలతో దొరికిన మనిషి మందులు పడ్డాక ఊరిపేరు చెప్పడం, తల్లి గుమ్మంలో నిలబడి గుర్తుపట్టడం చూసినవాళ్ళు ఆ రోజును మరిచిపోరు.

అసలు పని అక్కడినుంచి మొదలవుతుంది. ఆ ఊరి ఆరోగ్య కేంద్రంలో ఆ మాత్ర ఉందా? 2017 చట్టం 18వ సెక్షన్ అత్యవసర మందుల జాబితాలోని మందులు ప్రభుత్వ కేంద్రాల్లో ఉచితంగా దొరకాలంటుంది, కౌంటరు దగ్గర మాత్రం లేవంటారు. నెలకోసారి యాభై కిలోమీటర్లు వెళ్ళి తెచ్చుకోవడానికి ఒక రోజు కూలి పోతుంది, బస్సు ఛార్జీ అదనం. మనిషి తేరుకున్నాడు కదా అని ఇంట్లోవాళ్ళు మందులు ఆపేస్తారు. ఆపిన కొన్నాళ్ళకు మళ్ళీ మొదటికొస్తుంది. అందుకని ఫీల్డు పనిలో మెలకువ ఉన్నవాళ్ళు కుటుంబంతోపాటు ఆ ఊరి ఆశా కార్యకర్తను, కిరాణా కొట్టతన్ని, ఫోన్ ఎత్తే పక్కింటి కుర్రాణ్ణి కూడా పరిచయం చేసుకుని వస్తారు. మొదటి మూడు నెలల ఫాలోఅప్ ఫోన్లు వీళ్ళ వల్లే సాగుతాయి.

గుడి, దర్గా, తాయెత్తు, సోదె వీటిని వెక్కిరించి పని చెడగొట్టుకోవద్దు. గాలి సోకిందని నమ్మే తల్లితో వాదన పెట్టుకుంటే, రెండోసారి తలుపు తీయదు. "తాయెత్తు ఉండనీ అమ్మా, ఈ మాత్ర కూడా వెయ్యి" అంటే వింటుంది. ఒక్క దగ్గర మాత్రం మెత్తదనం పనికిరాదు. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో, దర్గా చుట్టూ వెలిసిన ఒక పాకలో నిప్పంటుకుని, గొలుసులతో కట్టేసి ఉన్న 28 మంది రోగులు పారిపోలేక కాలిపోయారు. మనిషిని గొలుసుతో కట్టడాన్ని 2017 చట్టం 95వ సెక్షన్ ఏ రూపంలోనూ ఒప్పుకోదు. ఎక్కడ గొలుసు కనిపించినా, ఎంత పేరున్న చోటైనా, అధికారులకు తెలియజేయాల్సిందే. పిల్లల మీద లైంగిక అఘాయిత్యం జరిగిందని తెలిసినా అంతే, 2012 పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం చెప్పితీరాలి, చెప్పకపోవడం నేరం. గోప్యత ఇస్తామని మాటిచ్చేటప్పుడే ఈ హద్దులు కూడా ముందే చెప్పాలి.

మంట ఎక్కడ మొదలవుతుంది

పని చేసి చేసి మనసు అడుగంటిపోవడాన్ని ఇవాళ ప్రతి ఆఫీసులోనూ బర్నౌట్ అంటున్నారు. ఆ పేరు వైద్య ప్రపంచంలోకి ఎక్కింది ఒక ఉచిత క్లినిక్ అనుభవంతో అని చాలామందికి తెలియదు. హెర్బర్ట్ ఫ్రాయిడెన్‌బర్గర్ న్యూయార్క్‌లో పగలు తన ప్రాక్టీసు చూసుకుని, సాయంత్రాలు ఉచిత క్లినిక్‌లో వాలంటీరుగా పనిచేసేవాడు. తనకూ, తోటివాళ్ళకూ జరుగుతున్నది గమనించి 1974లో రాశాడు. సోమరులు, అయిష్టంగా వచ్చినవాళ్ళు కాలిపోవడం లేదు, పనిని ప్రాణంగా చేసుకున్నవాళ్ళే ముందు కాలిపోతున్నారని ఆయన చూశాడు. తర్వాత క్రిస్టినా మాస్లాక్ దీన్ని మూడు ముక్కలుగా విడదీసి చూపించింది: ఒంట్లో శక్తి ఇంకిపోవడం, ఎదుటి మనిషి మనిషిలా కనిపించకపోవడం, తను చేసేది ఎందుకూ పనికిరాదనిపించడం.

రెండోది మీద కన్నేసి ఉంచండి. అలసట అందరికీ తెలుస్తుంది, సెలవు పెట్టి పడుకుంటాం. రెండోది మెల్లగా, మనకు తెలియకుండా వస్తుంది. ఫోన్ ఎత్తగానే "మళ్ళీ ఈవిడేనా" అనిపించడం, కాలర్ ఏడుస్తుంటే గడియారం వైపు చూడడం, టీ తాగేటప్పుడు కేసుల గురించి నవ్వుతూ మాట్లాడుకోవడం దాని గుర్తులు. ఇవి కనిపించినప్పుడు మీరు చెడ్డవాళ్ళయిపోయారని అనుకోవద్దు. మోయగలిగిన దానికంటే ఎక్కువ మోశారని, మీకు దించుకునే చోటు దొరకలేదని అర్థం.

ఆ దించుకునే చోటును సూపర్విజన్ అంటారు. కొత్తవాళ్ళు దీన్ని తనిఖీ అనుకుంటారు. అనుభవమున్న ఒక మనిషి వారానికో పదిహేను రోజులకో మీ ఎదురుగా కూర్చుని, ఏ కాల్ మిమ్మల్ని వదలడం లేదు, ఎక్కడ కోపం వచ్చింది, ఎక్కడ భయపడ్డారు అని అడగడమే సూపర్విజన్. ముగింపు తెలియని కథలన్నీ మీరొక్కరే మోయకుండా ఇంకొకరి చేతిలో పెట్టే అవకాశం ఇదే. ఇంట్లో చెప్పుకోలేం. గోప్యత ఉంది, చెప్పినా భర్తకో తల్లికో ఆ బరువు ఎక్కించడం తప్ప మేలేమీ లేదు. కనుక సూపర్విజన్ లేని సంస్థలో, దాని పేరు ఎంత గొప్పదైనా, కౌన్సెలింగ్ పనికి చేరవద్దని నేను గట్టిగా చెబుతాను. నిధులు లేక పెట్టలేకపోతున్నామంటే, కనీసం నలుగురు వాలంటీర్లు వారానికో గంట కూర్చుని మాట్లాడుకునే పద్ధతైనా పెట్టించండి. దానికి డబ్బు అక్కర్లేదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో బర్నౌట్‌ను జబ్బుగా కాకుండా పనిచేసే చోటికి సంబంధించిన పరిణామంగా గుర్తించింది. దీన్ని సంస్థలు నడిపేవాళ్ళు పట్టించుకోవాలి. రోజుకు పన్నెండు కాల్స్ ఇచ్చి, ఆదివారం ప్రాణాయామం వర్క్‌షాప్ పెట్టి, ఒత్తిడి తగ్గించుకోమని చెబితే లాభం లేదు. కాల్స్ తగ్గించాలి. రాత్రి షిఫ్టు చేసినవాళ్ళకు మర్నాడు సెలవివ్వాలి, ఇంటికి బండి ఏర్పాటు చేయాలి. ఒక కాలర్ చనిపోయినట్టు తెలిసిన రోజున ఆ కాల్ తీసుకున్నవాళ్ళతో ఒకరు కూర్చోవాలి, తప్పెవరిదని వెతకడానికి కాకుండా. 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితాల తర్వాత ఇరవై మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. ఫలితాలు ఏటా వచ్చేవే. ఆ వారం డ్యూటీ చార్టులో మనుషుల్ని రెట్టింపు చేయడం, తర్వాతి వారం వాళ్ళకు విశ్రాంతి ఇవ్వడం జనవరిలోనే రాసిపెట్టుకోవాలి.

మీ ఇంట్లోనే ఎవరైనా మానసిక జబ్బుతో బాధపడి ఉండవచ్చు, మీరే పడి లేచి ఉండవచ్చు. ఈ రంగంలోకి అలా వచ్చినవాళ్ళు చాలామంది. అది మీ బలం, దాచుకోవాల్సిన సంగతి కాదు. అయితే మీ గాయానికి దగ్గరగా ఉన్న కాల్ వచ్చినప్పుడు పక్క సీటువాళ్ళకు అందించడం, బాగాలేని రోజు షిఫ్టు వద్దనడం మొదటి రోజునుంచే అలవాటు చేసుకోండి.

డబ్బు గురించి తిన్నగా

సేవ అన్న మాట చెప్పి జీతం తక్కువివ్వడం మన దగ్గర మామూలైపోయింది. ఇది నాకు బాధ కలిగించే విషయం. అద్దె కట్టలేక బెంగపడే మనిషి రెండోవాళ్ళ అప్పుల బెంగను ఎంతసేపు వినగలరు?

డబ్బు ఎక్కడినుంచి వస్తుందో తెలిస్తే ఇబ్బంది ఎక్కడుందో అర్థమవుతుంది. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ కింద పెద్ద కంపెనీలు తమ మూడేళ్ళ సగటు లాభంలో 2 శాతం సామాజిక బాధ్యతకు ఖర్చుపెట్టాలి. అందులోంచి వచ్చే సొమ్ము ఎక్కువగా ప్రాజెక్టు లెక్కన, ఏడాది లెక్కన వస్తుంది. విదేశీ విరాళాల చట్టానికి 2020లో చేసిన సవరణతో, ఆ సొమ్ములో పాలనా ఖర్చులకు వాడుకోదగ్గ వాటా 50 శాతం నుంచి 20 శాతానికి దిగింది. పెద్ద సంస్థలు దాన్ని ఊళ్ళలోని చిన్న సంస్థలకు పంచే వీలూ పోయింది. దాంతో మార్చి 31 దగ్గరపడేకొద్దీ కాంట్రాక్టు ఉద్యోగుల గుండెల్లో రాయి పడుతుంది. ఆ భయంతోనే వాళ్ళు కాలర్లకు ధైర్యం చెబుతుంటారు.

అందుకే ఇంటర్వ్యూలో మొహమాటపడకండి. నా జీతం ఏ ప్రాజెక్టులోంచి, అది ఎప్పటిదాకా? ఆర్డరు రాతపూర్వకంగా ఇస్తారా? ఇరవై మంది లేదా ఎక్కువ మంది ఉద్యోగులున్న సంస్థకు ప్రావిడెంట్ ఫండ్ తప్పనిసరి, కడుతున్నారా? పది మంది లేదా ఎక్కువ మంది ఉంటే లైంగిక వేధింపుల ఫిర్యాదుల కోసం అంతర్గత కమిటీ ఉండాలి, ఉందా? నాకు సూపర్విజన్ ఇచ్చేదెవరు? ఈ ప్రశ్నలకు చిరాకుపడే సంస్థ, మీ దగ్గరికొచ్చే మనిషి హక్కుల్ని కూడా గౌరవించదు.

నిధులిచ్చేవాళ్ళు ఇంకొకటి కూడా అడుగుతారు. ఎంతమందికి కౌన్సెలింగ్ ఇచ్చారు, ఎన్ని స్కూళ్ళు తిరిగారు అన్న అంకెలు సరే, వాటితోపాటు ఒక "సక్సెస్ స్టోరీ", వీలైతే ఫొటోతో. వాళ్ళకు ముగింపు కావాలి. మన పనిలో అది దొరకడం అరుదు గనుక, దొరికిన ఒకరిద్దరి బతుకుల్ని రిపోర్టులకూ సభలకూ వాడుకునే ఒత్తిడి పెరుగుతుంది. నిన్నటిదాకా హోమ్‌లో ఉన్న అమ్మాయిని వేదికెక్కించి కథ చెప్పించడం సేవ కాదు. 2017 చట్టం 24వ సెక్షన్ చికిత్సలో ఉన్న మనిషి ఫొటోగానీ వివరంగానీ ఆ మనిషి ఒప్పుకోకుండా మీడియాకు ఇవ్వకూడదంటుంది. ఆశ్రయం ఇచ్చినవాళ్ళు అడిగితే కాదనలేక తలూపడం ఒప్పుకోలు కిందికి రాదు. ఫండరుకు చెప్పడానికి వేరే మంచి సంగతులున్నాయి. ఎత్తలేకపోయిన కాల్స్ ఎన్ని తగ్గాయి, మూడు నెలల తర్వాత కూడా మందులు వాడుతున్నవాళ్ళు ఎందరు, ఎంతమంది వాలంటీర్లు రెండో ఏడాది కూడా మిగిలారు. ఇవి చూపించి అడగండి. అర్థం చేసుకునే ఫండర్లు ఉన్నారు. ఈ అధ్యాయంలో నేనూ ఏ ఒక్కరి కథా చెప్పలేదు, పై కారణం వల్లే.

ఇంట్లోవాళ్ళు, ఊళ్ళోవాళ్ళు

"పిచ్చోళ్ళ మధ్య ఉద్యోగమేంటి?", "అమ్మాయి ఎర్రగడ్డ పిచ్చాసుపత్రిలో పనిచేస్తుందట" అన్న మాటలు పెళ్ళి సంబంధాల దాకా వస్తాయి. వాదించడం కన్నా, అమ్మానాన్నల్ని ఒకసారి సంస్థకు తీసుకెళ్ళి మీ సహోద్యోగులతో భోంచేయించండి. చాలా ఇళ్ళల్లో ఆ ఒక్క పూటతో మాట మారుతుంది. ఇంకో ఇబ్బంది దీనికి వ్యతిరేకంగా వస్తుంది. చుట్టాలందరూ తమ కష్టాలకు మిమ్మల్ని డాక్టరుగా చేసుకుంటారు. వినండి, పిన్ని చెప్పేది ఇంటిమనిషిలాగే వినండి, కౌన్సెలరుగా మాత్రం వేరేవాళ్ళ దగ్గరికి పంపండి. మీరు సైకియాట్రిస్టు కాదు, రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో నమోదైన క్లినికల్ సైకాలజిస్టూ కాకపోవచ్చు. మందుల గురించి నోరెత్తకూడదు, జబ్బు పేరు మీరు పెట్టకూడదు. సంస్థలో ఉన్న ఈ హద్దు పండగ భోజనాల దగ్గర కూడా ఉండాలి.

వెళ్ళిపోవాల్సి వస్తే

కొన్నేళ్ళకు వెళ్ళాలనిపించవచ్చు. జీతం చాలక, పిల్లలు పుట్టి, ఇంకో ఊరికి బదిలీ అయ్యి, లేదా ఇక వినడానికి లోపల చోటు లేక. వెళ్ళడం ద్రోహం కాదు. ఎలా వెళ్తారన్నది మాత్రం ముఖ్యం, ఎందుకంటే మన దగ్గరికొచ్చేవాళ్ళలో చాలామందిని ఇంతకుముందు ఎవరో ఒకరు చెప్పకుండా వదిలేసి వెళ్ళి ఉంటారు. అందుకని కనీసం నెల ముందు నిర్ణయం చెప్పండి. మీతో క్రమం తప్పకుండా మాట్లాడే ప్రతి ఒక్కరికీ మీరే స్వయంగా చెప్పండి, ఎప్పటివరకు ఉంటారో తారీఖుతో సహా. వాళ్ళకు కోపం వస్తే కోప్పడనివ్వండి. చివరి రెండు సంభాషణల్లో కొత్త కౌన్సెలర్ కూడా ఉండేలా చూడండి, ఫైల్ అప్పగించేటప్పుడు జబ్బు, మందులతోపాటు ఆ మనిషికి నచ్చే సంగతులు కూడా రాయండి. మీ సొంత ఫోన్ నంబరు ఇవ్వకండి, "ఎప్పుడైనా చేయండి" అని మాటివ్వకండి. ఆ తర్వాత వాళ్ళు ఎలా ఉన్నారని సంస్థకు ఫోన్ చేసి అడగాలనిపిస్తుంది. అడగవద్దు, ఆ ఫైల్ ఇప్పుడు ఇంకొకరిది.